జాబితాలో లేనిది ఊళ్లో లేదు

ఒక పల్లెను ఎలా చూడాలన్న విషయంలో మానవజాతి చాలాకాలం చీకట్లోనే బతికింది. ఊళ్లోకి వెళ్లడం, ఎదురుపడ్డవాళ్లను పలకరించడం, ఏ చెట్టు నీడనో కాసేపు కూలబడటం, పొద్దు వాలాక ఇంటిముఖం పట్టడం. ఇదే చూడటమని పెద్దవాళ్లు అనుకున్నారు, పాపం. ఇందులో గెలిచిందెవరు? ఎన్ని పాయింట్లు వచ్చాయి? చూశారనడానికి రుజువేది? ఒక్కదానికీ జవాబు లేదు. ఇంత అస్తవ్యస్తంగా నడుస్తున్న వ్యవహారాన్ని గాడిలో పెట్టడానికి పుట్టినదే స్కావెంజర్ హంట్ అనే విద్య. చేతికి ఒక జాబితా ఇస్తారు, ఒక గడువు పెడతారు. జాబితాలో ఉన్నవాటిని వెతికి, ఫొటో తీసి, గడువులోగా తెచ్చి చూపించాలి. మొన్న నేనూ నా మిత్రుడూ ఆ విద్యలో ఒక పూట కఠోర శిక్షణ పొంది వచ్చాం. ముళ్లు ఇంకా పూర్తిగా ఊడిరాలేదు గానీ బుద్ధి మాత్రం వికసించింది. ఆ వికాసంతోనే ఈ పద్ధతిని గట్టిగా సమర్థిస్తూ ఈ వ్యాసం రాస్తున్నాను.

మా జాబితాలో 22 అంశాలు, గడువు అయిదు గంటలు. మైలురాయి, పాత బావి, కమాను వంతెన, సర్వే రాయి, నీళ్ల ట్యాంకు, ఊళ్లోకెల్లా పెద్ద చెట్టు, పేరు చెరిగిపోయిన బోర్డు, ఇలా. ఒక్కోదానికీ ఎదురుగా పాయింట్లు. అడుగున నిబంధనలు. వాటిలో నాలుగోది ముఖ్యం: ఊరివాళ్లను దారి గానీ, ఆచూకీ గానీ అడగరాదు. ఊరిని తెలుసుకోవడానికి వెళ్లినవాళ్లు ఊరివాళ్లను అడిగి తెలుసుకుంటే అది మోసమే కదా. పరీక్ష హాల్లో పుస్తకం తెరిచినట్టు.

పని విభజన ముందే చేసుకున్నాం. ఫోను మావాడి చేతిలో, జాబితా నా చేతిలో. వాడు ఫోను చూస్తూ నడవాలి, నేను జాబితా చూస్తూ నడవాలి. ఊరిని ఎవరు చూడాలన్నది మాత్రం ఎందుకో చర్చకు రాలేదు.

ఈ విద్యను పిల్లలాట అని కొట్టిపారేసేవాళ్లకు దీని వంశవృక్షం తెలియదు. 1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బీడుభూముల్లో జేమ్స్ పెరట్ అనే గైడు క్రాన్‌మియర్ పూల్ అనే చోట ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ పేరున్న కార్డు ఆ సీసాలో వేసి వెళ్లాలి. పూల్ అన్నారని కొలను ఊహించుకోకండి. అది బురదనేలలో ఒక గుంట. చూడటానికి ఏమీ లేని చోటికి వెళ్లినప్పుడు, వెళ్లామన్న రుజువు తప్ప తెచ్చుకునేదేముంటుంది? ఆ సత్యాన్ని పెరట్ మనకంటే నూట డెబ్భై ఏళ్ల ముందే కనిపెట్టాడు. తర్వాత సీసా స్థానంలో డబ్బాలొచ్చాయి, కార్డుల స్థానంలో రబ్బరు ముద్రలొచ్చాయి, దానికి లెటర్‌బాక్సింగ్ అని పేరొచ్చింది. 1920లు, 30లలో ఎల్సా మాక్స్‌వెల్ అనే విందుల నిర్వాహకురాలు ఇలాంటి వేటను పెద్దింటి పార్టీలకు అలవాటు చేసింది. పనీపాటా లేని శ్రీమంతులు అర్ధరాత్రి జాబితాలు పట్టుకుని వీధుల్లో పరుగెత్తారు. చూశారా, ఎంత గౌరవనీయమైన వంశమో!

అసలు మలుపు మాత్రం 2000 సంవత్సరం మే 2న వచ్చింది. అప్పటిదాకా అమెరికా సైన్యం జీపీఎస్ సంకేతాల్లో కావాలనే కొంత తప్పు కలిపి మామూలు జనానికి వదిలేది. మీరు నిలబడ్డ చోటికీ యంత్రం చూపే చోటికీ వంద మీటర్ల దాకా తేడా రావచ్చు. ఆ రోజు ఆ తప్పును ఆపేశారు. అంతరిక్షంలో తిరిగే ఉపగ్రహాలు, వాటిలోని అణు గడియారాలు, ఒక తరం శాస్త్రవేత్తల తపస్సు, అన్నీ కలిసి అంత స్పష్టతను సామాన్యుడి అరచేతిలో పెట్టాయి. సామాన్యుడు ఆ మర్నాడే దాన్ని దేనికి వాడాడో చరిత్రలో నమోదై ఉంది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర చెట్లలో ఒక నల్ల బకెట్ దాచాడు. అందులో కొన్ని పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, వీడియోలు, ఒక వడిసెల, ఒక బీన్స్ డబ్బా. దాచిన చోటి అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. జనం వెళ్లి వెతికారు. అదే జియోకాషింగ్. ఇప్పుడు లోకమంతటా 30 లక్షలకు పైగా డబ్బాలు ఇలా దాక్కుని ఉన్నాయి. 2008లో ఒకటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా చేరింది. ఇక మన పొలం గట్లు ఏపాటి?

మా జాబితాలోనూ అలాంటి డబ్బా ఒకటి ఉంది, పాతిక పాయింట్లకు. ఫోను మమ్మల్ని నేరుగా దాని ముందుకే తీసుకెళ్లింది. అంటే, ఫోన్లలో జీపీఎస్ బయలు ఆకాశం కింద సుమారు 5 మీటర్ల వరకూ కచ్చితంగా ఉంటుంది. వినడానికి గొప్పగా ఉంది కదా. 5 మీటర్ల వ్యాసార్ధంతో వలయం గీస్తే లోపల 78 చదరపు మీటర్లు పైచిలుకు నేల ఉంటుంది. మాకు దక్కిన 78 చదరపు మీటర్లూ ముళ్లపొదే. చెట్ల కిందికి వెళితే ఆ కచ్చితత్వం ఇంకా తగ్గుతుందని మావాడు పొద మధ్యలోంచి నాకు వివరించాడు. శాస్త్రం మీద వాడికున్న నమ్మకం అలాంటిది.

ఈ ఆటలో ఇంకో మర్యాద ఉంది. ఆట తెలియని మామూలు మనుషుల్ని ఆటగాళ్లు మగ్గుల్స్ అంటారు. ఒక పిల్లల నవలల వరసలోంచి ఎత్తుకొచ్చిన మాట అది. మగ్గుల్స్ చూస్తుండగా డబ్బా తీయకూడదు, చూస్తే వాళ్లు పట్టుకుపోవచ్చు. కాబట్టి తాతల కాలం నుంచీ ఆ నేల మీద బతుకుతున్నవాళ్లకు కనిపించకుండా, పొద్దున్నే బండి దిగిన మేమిద్దరం ఆ నేల రహస్యాన్ని కాపాడాలి. కాపాడాం కూడా. ఎవరైనా వస్తుంటే మావాడు ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించేవాడు. నేను ఆకాశంలోకి చూసేవాణ్ని. ఇంత సహజంగా నటించినా చేతిలో కర్ర ఉన్న ఒక పెద్దాయన మా దగ్గర ఆగిపోయాడు.

“ఏం పోగొట్టుకున్నారు నాయనా?”

“ఏం లేదండీ, ఊరికే ఊరు చూస్తున్నాం,” అన్నాడు మావాడు.

“ఊరు అటుంది,” అని కర్రతో వెనక్కి చూపించి వెళ్లిపోయాడు.

ఆయన అంతటితో వదిలేశాడు కాబట్టి మా అదృష్టం. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్బీ పట్నంలో ఒక ఆటగాడు డబ్బా దాస్తూ అనుమానాస్పదంగా కనిపిస్తే, బాంబు దళం వచ్చి ఆ డబ్బాను పేల్చేసింది.

మైలురాయి దగ్గర మాత్రం మేం నిజమైన పరిశోధన చేశాం. దాని మీది అంకె చదవాలి, పది పాయింట్లు. మైలు అన్న మాట రోమన్ల వెయ్యి అంగల నుంచి వచ్చింది. రెండు కాళ్లూ కదిలితే ఒక అంగ. అలాంటివి వెయ్యి అంటే సుమారు 1,480 మీటర్లు. ఇదంతా నాకు తెలుసు, మావాడికి చెప్పబోయాను కూడా. తెలిసినదానికి పాయింట్లు లేవన్నాడు. రాయి నిండా పసుపూ ఆకుపచ్చా కలిసిన మచ్చలు, అంకె వాటి కింద ఉంది. మావాడు పాచి అనుకుని బండి తాళంచెవితో గీకడం మొదలుపెట్టాడు. తర్వాత చదివితే తెలిసింది, అది పాచి కాదు, లైకెన్. ఒక బూజూ ఒక నాచూ కలిసి పెట్టుకున్న ఉమ్మడి కాపురం. రాతికి అంటుకుని పెరిగే రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప, చాలావాటికి అదీ ఉండదు. ఆ నిదానాన్నే ఆసరా చేసుకుని, 1950లలో రోలండ్ బెషెల్ అనే వృక్షశాస్త్రవేత్త మచ్చ వెడల్పును బట్టి రాయి ఎన్నేళ్లుగా ఎండకు బయటపడి ఉందో లెక్కగట్టే పద్ధతి తయారుచేశాడు. అంటే ఆ రాయి తన వయసును తన ఒంటి మీదే రాసుకుని కూర్చుంది. మావాడు ఆ వయసును ఆరు నిమిషాల్లో చెరిపేసి కింద ఉన్న అంకె బయటికి తీశాడు. అది 7 కావచ్చు, 1 కావచ్చు. 7 అని రాశాం. పది పాయింట్లు వచ్చాయి. అర్ధశతాబ్దం లైకెన్ ఎవడిక్కావాలి?

బావి దగ్గర విజ్ఞానం ఇంకో మెట్టు ఎక్కింది. “లోతు అంచనా వేయండి, 15 పాయింట్లు.” చదువుకున్నవాళ్లం కాబట్టి రాయి వేసి శబ్దం వచ్చేదాకా సెకన్లు లెక్కపెట్టాం. సెకన్లను అంతతో హెచ్చించి 4.9తో మళ్లీ హెచ్చిస్తే మీటర్లలో లోతు వస్తుంది. నా లెక్కకు రెండు సెకన్లు, ఇరవై మీటర్లు. మావాడి లెక్కకు మూడు సెకన్లు, నలభై నాలుగు మీటర్లు. ఒకే బావి, ఒకే రాయి, ఇరవై నాలుగు మీటర్ల అభిప్రాయభేదం. వాడు “ఒరేయ్, నువ్వు తొందరగా లెక్కపెట్టావ్” అన్నాడు, వాడే నత్తనడకన లెక్కపెట్టాడని నేనన్నాను. చివరికి సగటు తీసి 32 అని రాజీపడ్డాం. ఇదంతా చూస్తూ బట్టల మూటతో నిలబడ్డ ఒకావిడ, “మొన్న పూడిక తీసినప్పుడు నలభై అడుగుల తాడు సరిపోయింది బాబూ” అంది. నలభై అడుగులంటే పన్నెండు మీటర్లు. ఇక్కడ సున్నితమైన న్యాయసమస్య తలెత్తింది. ఊరివాళ్లను అడగరాదని నిబంధన. మేం అడగలేదు, ఆవిడే చెప్పింది. అయినా అడగకుండా తెలిసిన నిజాన్ని వాడుకోవడం నిబంధన స్ఫూర్తికి విరుద్ధమని మావాడు తీర్పు చెప్పాడు. 32 అలాగే ఉంచాం. నిజాయితీ అంటే అది.

సర్వే రాయి తేలిగ్గానే దొరికింది, దాని మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. తీసి ఫొటో తీశాం. మళ్లీ ఆరేయాలా వద్దా అన్నది నిబంధనల్లో లేదు. మావాడు ఆరేశాడు. వాడు మంచివాడే, జాబితా చేతికి వస్తేనే అలా అవుతాడు.

సర్వే రాళ్ల విషయంలో నాకు ప్రత్యేక గౌరవం ఉంది. బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే 1936 నుంచి కొండల మీదా గుట్టల మీదా సుమారు 6,500 కొలత స్తంభాలు కట్టింది. ఒక స్తంభం నుంచి ఇంకోటి చూస్తూ కోణాలు కొలిచి దేశపటం గీశారు. ఉపగ్రహాలొచ్చాక వాటికి పని పోయింది. అప్పుడు మొదలైంది అసలు గిరాకీ. వాటిని ఒక్కొక్కటే ఎక్కి లెక్క రాసుకునేవాళ్లు తయారయ్యారు. ఒకాయన 2016 నాటికి 6,190 స్తంభాలు ముట్టుకుని వచ్చాడు. కొలిచినవాళ్లు దేశాన్ని చూడటానికి స్తంభం ఎక్కారు, ఇప్పుడు స్తంభం చూడటానికి దేశం ఎక్కి దిగుతున్నారు.

దీనికంటే నిర్మలమైన శాఖ ఇంకోటి ఉంది. 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికన్ మొదలుపెట్టాడు. అక్షాంశ రేఖా రేఖాంశ రేఖా రెండూ పూర్ణసంఖ్యలుగా కలిసే చోటికి వెళ్లి ఫొటో తీయడం. భూమ్మీద మీరెక్కడున్నా 79 కిలోమీటర్లలోపు అలాంటి బిందువు ఒకటి ఉంటుంది. అక్కడ ఏముంటుంది? చాలాసార్లు ఏమీ ఉండదు. ఓ బీడు, ఓ కంచె, తల తిప్పి చూసే ఒక పశువు. ఆ ఏమీలేనితనం కోసమే జనం వందల మైళ్లు వెళతారు. నాకైతే ఈ శాఖలో కొంత నిజాయితీ కనిపిస్తుంది. అక్కడ ఏదో ఉందని కనీసం అబద్ధం చెప్పరు.

పేరు చెరిగిన బోర్డు కోసం గంట తిరిగాం. 1940లో జర్మన్లు దిగుతారన్న భయంతో బ్రిటన్ దారి చూపే బోర్డులు పీకించి, మైలురాళ్లు పాతిపెట్టించింది. శత్రువు దారి తప్పాలని. అంత ఖర్చు అనవసరం. శత్రువు చేతికి ఒక ఫోనూ ఒక జాబితా ఇచ్చి ఉంటే సరిపోయేది. బోర్డులన్నీ ఉండగానే మేం ఒకే సందులోకి మూడుసార్లు వచ్చాం. మూడోసారి అక్కడి కుక్క మొరగడం మానేసింది.

నీళ్ల ట్యాంకు గురించి రాయడానికి ఏమీ లేదు. అది అందరికీ కనిపిస్తుంది. పది పాయింట్లు.

పెద్ద చెట్టు దగ్గర మేం దాదాపు విడిపోయాం. పెద్దది అంటే ఏమిటి? ఎత్తా, మానా, కొమ్మల వ్యాప్తా? అమెరికాలో దీనికి లెక్క ఉంది. మాను చుట్టుకొలత అంగుళాల్లో, ఎత్తు అడుగుల్లో, వ్యాప్తిలో నాలుగో వంతు అడుగుల్లో, మూడూ కూడితే చెట్టు పాయింట్లు. అంగుళాల్నీ అడుగుల్నీ కూడరాదని చిన్నప్పుడు మాస్టారు చెప్పింది నిజమే గానీ, పాయింట్ల దగ్గర ఆ పట్టింపు ఉండకూడదు. చెట్టు కింద నిలబడి ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. అక్కడ చల్లగా ఉందన్న సంగతి ఇంటికొచ్చాక ఫొటో చూస్తే గుర్తొచ్చింది.

ఇక 19వ అంశం: “ఊరి వృద్ధుల్లో ఒకరితో సెల్ఫీ, 5 పాయింట్లు.” మేం వెతికే పని లేకుండా పొద దగ్గర పలకరించిన పెద్దాయనే వంతెన గోడ మీద కూర్చుని కనిపించాడు. మావాడు పక్కన కూర్చుని ఫోను పైకెత్తాడు.

“ఎందుకు నాయనా?”

“ఆట తాతా. మీతో ఫొటో తీసుకుంటే అయిదు పాయింట్లు.”

“ఆ ట్యాంకుకో?”

“పది.”

ఆయన కాసేపు ఆలోచించాడు. “న్యాయమే,” అన్నాడు. “దాన్లో నీళ్లొస్తాయి.”

ఫొటో అయిపోయింది. ఆయన మాత్రం అయిపోలేదు. కమాను మధ్య రాయి మీద అరచెయ్యి వేసి, “ఈ వంతెన కట్టేటప్పుడు ఏమైందంటే, మా అమ్మ...” అని మొదలుపెట్టాడు. నేను జాబితా చూశాను. వంతెన ఫొటోకి పన్నెండు పాయింట్లు, అది అప్పటికే తీసేశాం. వంతెన గురించిన మాటలకు ఎదురుగా ఏ అంకే లేదు. ఇంకా మూడు అంశాలున్నాయి, నలభై నిమిషాలున్నాయి. మావాడు లేచి దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆయన చెయ్యి ఇంకా రాయి మీదే ఉంది.

ఇక్కడ కొందరు మమ్మల్ని తప్పుపట్టవచ్చు. వాళ్లకు ఒక్కటే చెబుతాను. 2016లో ఫోను పట్టుకుని వీధుల్లో బొమ్మ జంతువుల్ని పట్టే పోకెమాన్ గో వచ్చినప్పుడు, పట్నాల్లో అడుగుకో ఆట స్థలం ఉంటే పల్లెల్లో వెతికినా దొరికేది కాదు. ఆ స్థలాల్లో చాలావరకు అంతకుముందటి ఆటలో ఆటగాళ్లు గుర్తుపెట్టి పంపినవి. ఆటగాళ్లు ఎక్కువ ఉన్నది పట్నాల్లో. అందువల్ల కొన్ని ఊళ్లలో చూడదగ్గది ఏదీ లేదని అధికారికంగా తేలిపోయింది. అలాంటి అన్యాయం జరిగిన పల్లెల్లో ఒకదానికి మేం ఒక్క పూటలో 22 చూడదగ్గవి ప్రసాదించాం. పెద్దాయన్ని కూడా కలుపుకుని.

మాకు మొత్తం 214 పాయింట్లు వచ్చాయి, రెండో స్థానం. 19వ అంశం మినహా అన్నీ సాధించి మొదటి స్థానం కొట్టేసిన జట్టుతో చేతులు కలిపి, “మీకు ముళ్లు గుచ్చుకోలేదే?” అని అడిగాను. గుచ్చుకోలేదన్నారు. వాళ్లు అసలు ఆ ఊళ్లో అడుగే పెట్టలేదు. ఇంట్లో కూర్చుని ఉపగ్రహ చిత్రాల్లోనూ, వీధుల్ని ఫొటోలు తీసి పెట్టే పటాల్లోనూ వెతికి స్క్రీన్‌షాట్లు తీసి పంపారు. బావి లోతు ఏదో పాత పత్రంలో చూసి పన్నెండు మీటర్లు అని రాశారు. నిబంధనల్లో ఊరికి రావాలని ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివాను, నిజంగానే లేదు.

దీన్ని నేను తప్పుపట్టడం లేదు. మేం ఊళ్లో ఉండి చేసిన పనిని వాళ్లు ఊళ్లో లేకుండా చేశారు, తేడా బండి పెట్రోలే. అయినా మావాడి ఒత్తిడి మీద నిర్వాహకులకు ఒక అభ్యంతర పత్రం రాశాం. ముళ్లు గుచ్చుకున్నందుకు ఒక్కో ముల్లుకు అర పాయింటు చొప్పున అడిగాం, ముళ్లను కాగితానికి అంటించి జతచేశాం. తువ్వాలు తిరిగి ఆరేసినందుకు రెండు. పెద్దాయన చెప్పబోయిన కథను కూడా రాశాం: “ఈ వంతెన కట్టేటప్పుడు ఏమైందంటే, మా అమ్మ”. ఇది ఏ ఉపగ్రహానికీ దొరికేది కాదు కాబట్టి, సగం వాక్యానికి సగం పాయింట్లైనా ఇవ్వాలని సవినయంగా కోరాం.

నిన్న జవాబు వచ్చింది. ముళ్లు తిరస్కరించారు. తువ్వాలు పరిశీలనలో ఉంది. వాక్యం విషయంలో మాత్రం, మిగతా సగం రుజువుగా సమర్పిస్తే ఆలోచిస్తామన్నారు.